స్వెటరక్క చదివిన ఒక్క వాక్యం

కూరగాయలు తరిగి, ఉడకబెట్టి, గడ్డకట్టించి ప్యాకెట్లలో నింపే ఫ్యాక్టరీలో ఆమె పద్దెనిమిదేళ్లు క్యారెట్ల టేబులు దగ్గర నిలబడింది. హాలుకు ఆనుకొని మూడు చలిగదులు ఉండేవి. ఆ చలికి ఎండాకాలంలో కూడా స్వెటర్ విప్పేది కాదు కాబట్టి అందరూ ఆమెను స్వెటరక్క అని పిలిచేవారు. అసలు పేరు హాజరు పుస్తకంలో తప్ప ఎక్కడా వినబడేది కాదు.

పాత సూపర్‌వైజరు పదవీ విరమణ చేశాక మేనేజరు ఆమెను పిలిచి, "రేపటి నుంచి హాలు నువ్వే చూసుకోవాలమ్మా" అన్నాడు. టేబుళ్ల దగ్గర ఆడవాళ్లంతా చప్పట్లు కొట్టారు. ఆమె మాత్రం చలిగదుల వైపు చూసింది. సూపర్‌వైజరంటే చలియంత్రాల ఇంజనీరుతో మాట్లాడాలి. ఆయనది వేరే భాష. మధ్యలో ఉన్నది ఇంగ్లీషు ఒక్కటే.

ఇంట్లో ఆ సంగతి మామగారికి మాత్రమే చెప్పింది. ఆయన ప్రెస్సులో ముప్పై ఏళ్లు అక్షరాలు పేర్చినవాడు. "దానికేం భయం అమ్మాయ్? పెద్ద మాటలు పట్టుకో. చిన్న మాటలు తోకల్లాగ వాటంతటవే వస్తాయి" అని అట్ట ఊడిన నిఘంటువు బయటికి తీశాడు. రోజూ సాయంత్రం కూర గిన్నె దించగానే ఇద్దరూ కూర్చునేవారు. వాల్వ్, ప్రెషర్, లీక్, రిపేర్. నామవాచకాలు వచ్చాయి. క్రియలూ వచ్చాయి. ఆన్, ఆఫ్, ఇన్, అవుట్, ఆఫ్టర్ లాంటి వాటిని వేళ్లమీద ఒక్కసారి చెప్పించుకుని వదిలేశాడాయన.

మొదటి వారంలోనే ఒక దెబ్బ తగిలింది. ఇంజనీరు రెండో చలిగదిని చూపించి "లుక్ ఆఫ్టర్ దిస్ రూమ్" అన్నాడు. లుక్ అంటే చూడు, ఆఫ్టర్ అంటే తర్వాత. తర్వాత చూడమన్నాడని ఆమె మధ్యాహ్నం దాకా ఆ గది వైపే వెళ్లలేదు. తలుపు సరిగ్గా పడక బఠాణీలు సగం కరిగిపోయాయి. జాగ్రత్తగా చూసుకోమని దాని అర్థమని ఫ్యాక్టరీ మెకానిక్ నవ్వుతూ చెప్పాడు. ఆమె కూడా నవ్వింది గానీ, ఆ రోజు నుంచి ఇంజనీరు బూట్ల చప్పుడు వినబడితే చాలు, చేతిలో పని వదిలి నిటారుగా నిలబడేది. ఆయన ఏమన్నా "ఎస్ సర్" అనేది. అర్థం కాలేదని అనడానికి మాత్రం నోరు వచ్చేది కాదు.

చలిగదుల గొట్టాల్లో అమ్మోనియా గ్యాసు నడుస్తుంది. అది బయటికొస్తే కళ్లు, ఊపిరితిత్తులు మండిపోతాయి. దాన్ని పసిగట్టే కొత్త అలారం ఒకటి గోడకు బిగించి, ఇంజనీరు మూడు రోజులు వేరే ఫ్యాక్టరీకి వెళుతూ ఆమె చేతికి ఒక కాగితం ఇచ్చి సంతకం పెట్టించుకున్నాడు. దానిమీద ఉన్నది ఒకటే వాక్యం: ఇఫ్ ది అలారం గోస్ ఆఫ్, క్లియర్ ది హాల్.

ఆ సాయంత్రం మామగారు కళ్లద్దాలు పెట్టుకుని ఒక్కో మాటకూ పేజీ తిప్పాడు. "అలారం సరే. గో అంటే వెళ్లడం. ఆఫ్ అంటే ఆగిపోవడం, ఆరిపోవడం. అంటే అలారం ఆగిపోతే హాలు ఖాళీ చెయ్యాలన్నమాట."

"ఆగిపోతే ఎందుకు మామయ్యా? మోగితే కదా వెళ్లాలి?"

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "కరెంటు పోయి ఆ యంత్రం ఆగిపోతే గ్యాసు వచ్చినా తెలియదు కదా. అందుకే అయ్యుంటుంది. ఇంజనీర్లు మనకంటే నాలుగాకులు ఎక్కువే చదివారు."

ఆ మాట ఆమెకు సబబుగానే తోచింది. మర్నాటి నుంచి ఆ యంత్రం మీది పచ్చలైటునే కనిపెట్టుకుని కూర్చుంది. అది ఎక్కడ ఆరిపోతుందోనని అన్నం తింటూ చూసేది, టేబుళ్ల మధ్య తిరుగుతూ వెనక్కి తిరిగి చూసేది. కళ్లు లాగేసేవి.

మూడో రోజు పదకొండు గంటలకు ముప్పై రెండు మంది తలవంచుకుని పని చేసుకుంటుండగా పచ్చలైటు ఎర్రగా మారింది. సైరను మోగింది. కత్తులన్నీ ఒక్కసారిగా ఆగాయి. అందరి కళ్లూ ఆమె మీదే.

"ఏంటక్కా అది? బయటికి పోదామా?" అంది ఒకామె.

స్వెటరక్క లైటు వైపు చూసింది. రంగు మారింది గానీ ఆరలేదు. సైరను ఆగలేదు. గొంతు పెంచి చెప్పింది. "మోగుతోంది కదా, పరవాలేదు. ఆగిపోతేనే వెళ్లాలి. ఇంజనీరుగారు రాసిచ్చారు. పని కానివ్వండి."

మళ్లీ కత్తులు కదిలాయి. ఆమె జేబులోంచి కాగితం తీసి చదివింది. మళ్లీ చదివింది. అక్షరాలు అలికేసినట్టు కనబడ్డాయి. ఆ గోల ఆగకూడదని మొక్కుకుంటూ, ఆగిపోతే బాగుండునని కూడా అనుకుంటూ నిలబడింది. అంతలో మూడో చలిగది పక్కన చివరి టేబులు దగ్గర పనిచేసే పెద్దమ్మ దగ్గడం మొదలుపెట్టింది. ఘాటు ముక్కుకు తగిలింది. కళ్లలో కారం కొట్టినట్టయింది.

కాగితం ఉండమంటోంది. ముక్కు పొమ్మంటోంది. ఇంకొక్క క్షణం ఆలోచించి ఉంటే ఏమయ్యేదో అని ఆ తర్వాత ఎన్నోసార్లు ఆమె ఉలిక్కిపడింది.

"వదిలెయ్యండి! అన్నీ వదిలెయ్యండి! బయటికి పదండి!"

గేటు దగ్గర తలలు లెక్కపెడితే ముప్పై ఒకటే తేలాయి. పెద్దమ్మ లేదు. మెకానిక్ వాల్వు కట్టెయ్యడానికి యంత్రాల గది వైపు పరుగెత్తాడు. స్వెటరక్క స్వెటర్ విప్పి, వాకిట్లో కుళాయి కింద తడిపి, ముక్కుకు అదిమిపెట్టుకుని లోపలికి వెళ్లింది. ఏమీ కనబడలేదు. టేబుళ్లు తడుముకుంటూ చివరిదాకా పోయింది. పెద్దమ్మ నేల మీద మోకాళ్లు ముడుచుకుని పడి ఉంది. చంకల కింద చేతులు వేసి, తడి గచ్చు మీద జారుకుంటూ, వాకిలి దాకా ఈడ్చుకొచ్చింది.

పెద్దమ్మ బతికింది. ఆసుపత్రిలో పదకొండు రోజులుంది.

అలారం యంత్రంలో అన్నీ నమోదయ్యాయి. సైరను మోగిన ఆరు నిమిషాలకు గాని హాలు తలుపు తెరుచుకోలేదు. ఆ ఆరు నిమిషాలు ఏం చేశారో మర్నాడు మేనేజరు గదికి వచ్చి చెప్పమన్నారు. మెకానిక్ ఆమెను పక్కకు పిలిచాడు. "సైరను పరీక్ష చేస్తున్నారనుకున్నామని చెప్పక్కా. కాగితం ఊసెత్తకు. ఉద్యోగం నిలబడుతుంది."

ఇంటికొచ్చి మామగారికి జరిగిందంతా చెప్పింది. ఆయన నిఘంటువు ముట్టుకోలేదు. "అమ్మాయ్, ఆ అర్థం చెప్పింది నేను. నా పేరు చెప్పు" అన్నాడు.

మర్నాడు మేనేజరు గదిలో ఇంజనీరు కూడా ఉన్నాడు. అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగేసి, కాగితం బల్లమీద పెట్టి, తాను చదువుకున్న అర్థం ఉన్నదున్నట్టు చెప్పింది. మామగారి పేరు ఎత్తలేదు. మేనేజరు ఇంజనీరుకు ఇంగ్లీషులో చెప్పాడు. ఆయన తన చేతిరాతనే కొత్తగా చూస్తున్నట్టు చూసి, తల పట్టుకున్నాడు.

"అలారం గోస్ ఆఫ్ అంటే మోగడమమ్మా" అన్నాడు మేనేజరు. "లైటు గోస్ ఆఫ్ అంటే ఆరిపోవడం. పాలు గోస్ ఆఫ్ అంటే విరిగిపోవడం."

"ఒకే మాటకు మూడర్థాలా సార్?"

"మన భాషలో మాత్రం? దీపం కొండెక్కిందంటే కొండ మీద వెతుకుతామా?"

ఆమెకు నవ్వు రాలేదు. "దీపం కొండెక్కిందని ఎవరూ నాకు కాగితం రాసిచ్చి సంతకం పెట్టించుకోలేదు సార్. పెద్దమ్మ పోయుంటే?"

మేనేజరు కాగితాన్ని ఇంజనీరు వైపు తోశాడు.

అర్థం కాని కాగితం మీద సంతకం పెట్టినందుకు ఆమెను మళ్లీ క్యారెట్ల టేబులుకు పంపారు. కానీ ఇంజనీరు పట్టుబట్టి రోజూ అరగంట ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని, ఫ్యాక్టరీలోని బోర్డులన్నీ చదివించాడు. కీప్ ఆఫ్, టర్న్ డౌన్, షట్ ఆఫ్, రన్ అవుట్. కీప్ ఆఫ్ అంటే దూరంగా ఉండమని కాక, ఆపి ఉంచమని ఆమె చదివింది. ఆమె చెప్పిన అర్థాలు మేనేజరు ఇంగ్లీషులో విప్పి చెబుతుంటే ఇంజనీరు ముఖం పాలిపోయేది. పదకొండు బోర్డులు తీసేసి పనివాళ్ల సొంత భాషలో రాయించారు. మామగారు కూడా కొత్త నోటుపుస్తకం పెట్టి, ఈసారి మాటలను విడివిడిగా కాకుండా జంటలుగా రాయడం మొదలుపెట్టాడు.

పెద్దమ్మ ఊపిరి మునుపటిలా లేదు. నాలుగు మెట్లెక్కితే ఆయాసంతో ఆగిపోతుంది. ఆమెను చూడబోయిన రోజు స్వెటరక్క కాళ్లు పట్టుకోబోతే పెద్దమ్మ వెనక్కి లాక్కుంది.

"ఛ, లే! ఆ ఆరు నిమిషాలూ నేనూ అక్కడే ఉన్నానుగా. ముక్కు నాకు లేదా? నువ్వు చెప్పేదాకా కత్తి వదల్లేదు. నాకూ నీలాంటి భయమే."

ఏడు నెలల తర్వాత సూపర్‌వైజరు పని మళ్లీ ఇస్తామన్నప్పుడు ఆమె రెండు రోజులు జవాబివ్వలేదు. చివరికి ఒప్పుకుంది. భయం పోయి కాదు. సైరను పరీక్షించే రోజున ఇప్పటికీ తలుపు దగ్గరే నిలబడుతుంది. ఇంజనీరు ఏదైనా కాగితం ఇస్తే మాత్రం కలం అందుకోదు.

"దీనర్థం నేనేమనుకుంటున్నానో ముందు వినండి సార్. ఆ తర్వాత సంతకం" అంటుంది.