సాంచెలు ఆగిన మధ్యాహ్నం

మా వీధిలో ఏడుపు విని ఎవరూ రారు. సాంచెల, అంటే మరమగ్గాల, మోతలో అది వినబడదు. మగ్గం ఆగితే మాత్రం అందరూ వచ్చేస్తారు. ఆ మధ్యాహ్నం మా ఇంట్లో రెండూ జరిగాయి.

బావకు మందమర్రి గనిలో పని. క్వార్టర్ దొరికేదాకా అక్కా, మూడేళ్ల పిల్లా మా దగ్గరే. ఆ పిల్ల నూలు కండెల గంపలో చెయ్యి పెట్టి కెవ్వుమంది. వేలు ఎర్రగా ఉబ్బింది. గంప బోర్లిస్తే కండెలే పడ్డాయి. కందిరీగ అయితే కాసేపు ఏడ్చి ఊరుకుంటుంది. తేలయితే? వీధి చివరి డాక్టరు ఇంటిల్లిపాదితో కొండగట్టు గుడికి పోయాడు. పెద్దాసుపత్రికి బస్సు సాయంత్రానికి గాని లేదు.

"పిల్లను పండుకోనియ్యకుండ్రి! నిద్రల విషం నెత్తికెక్కుతది," అంది అవ్వ.

పుట్టినప్పటి నుంచీ ఆ పిల్లకు సాంచెల మోతే జోలపాట. బాపు ఉరికి మెయిన్ స్విచ్ కిందికి గుంజాడు. రెండు సాంచెలూ ఆగాయి. పక్కింటివాళ్లు వచ్చారు.

అవ్వ వేలికి సున్నం పెట్టింది. పక్కింటి పెద్దమ్మ ఉల్లిగడ్డ దంచి అద్దింది. ఇంకాస్త ఉప్పూ కారం పడితే వేలు అన్నంలోకి పనికొచ్చేదే. అక్క ముఖం చూసి ఆ మాట మింగేశాను.

పిల్లను మెలకువగా ఉంచే పని నాది. ఇంట్లో వేరే పనికి పనికిరానివాణ్ని నేనొక్కణ్నే. కోతిలా గెంతాను. బాపులా దగ్గాను. పిల్ల ఆవులించింది.

"అవ్వా, చెమటలు పడుతున్నయే!" అక్క పిల్ల మెడ తడిమింది. "ఒళ్లంత తడిసింది."

"తేలే," అని అవ్వ కూలబడింది.

నేను ముఖం తుడుచుకుంటే నా అరచెయ్యీ తడిసింది. పైకి చూశాను. ఫ్యాను తిరగడం లేదు.

"బాపూ, నన్ను గూడ కుట్టినట్టుంది. చెమటలు కారుతున్నయ్. పెద్దమ్మను గూడ కుట్టింది, చూడు."

"గీ టైంల నీ పరాచికాలేందిరా!" బాపు చెయ్యెత్తాడు. ఆ చెయ్యి కూడా చెమటతో మెరుస్తోంది. దాన్నే చూసుకుని, పోయి మెయిన్ వేశాడు.

ఫ్యానుతోపాటు సాంచెలూ కదిలాయి. ఆ మోత వినగానే పక్కింటివాళ్లు వెళ్లిపోయారు. పిల్ల చెమట ఆరింది. మరుక్షణం అక్క ఒళ్లో కళ్లు మూసింది.

"లేపాల్నా అవ్వా?"

అవ్వ పిల్ల రొమ్ము మీద చెయ్యి పెట్టి చూసింది. "ఊపిరి మంచిగనే ఉన్నది. పండనియ్యి." ఆ మాట అన్న గొంతులో ధైర్యం మాత్రం లేదు.

అక్క పిల్ల ముక్కు దగ్గర వేలు పెట్టి కూర్చుంది. చిన్న కడుపు లేచి పడటం చూస్తూ నేను కూర్చున్నాను. ఒక్క జోకూ గుర్తుకు రాలేదు. పోగు తెగితేనే ఇల్లు అదిరేలా అరిచే బాపు, కండె అయిపోయినా సాంచెను ఆపలేదు. నూలు మోసే నాడె ఉత్తిదే అటూ ఇటూ తిరుగుతూ గాలిని నేసింది.

పొద్దుగూకే వేళ పిల్ల లేచింది. వేలు వాసన చూసుకుంది.

"మామా, కంపు గొడ్తుంది," అని బోరుమంది.

అది విని, అంతదాకా ఆపుకున్న అక్క కూడా ఏడ్చేసింది. బాపు కళ్లు తుడుచుకుని వెళ్లి సాంచెలు ఆపాడు.

పక్కింటివాళ్లు మళ్లీ ఉరికొచ్చారు.