కొక్కెం చేతులు వెనక్కి కట్టుకున్న రోజు

పెద్ద ఓడ ఆ రేవులోకి రావడానికి వీల్లేదు, అడుగున అంత లోతు లేదు. అందుకని దూరంగా నడినీళ్ళలో ఏడంతస్తుల మేడలా లంగరేసుకుని నిలబడుతుంది. అందులో విహారానికొచ్చిన జనాన్ని నలభై మంది చొప్పున చిన్న పడవల్లోకి దింపి, రేవు రాతిమెట్ల దగ్గరికి తెస్తారు. పడవ మెట్ల పక్కన ఒక్క క్షణం కుదురుగా ఉంటే ఒట్టు. అల లేస్తే మెట్టుతో సమానంగా లేస్తుంది, అల దిగితే మోకాటి లోతుకి దిగిపోతుంది. ఈలోగా పడవకీ రాతికీ మధ్య జానెడు సందు నోరు తెరుస్తుంది. సమానంగా లేచిన ఆ క్షణంలోనే మనిషిని అందుకుని రాతిమీద నిలబెట్టాలి. ఇరవై రెండేళ్ళుగా ఆ పని చేస్తున్నవాడు కొక్కెం.

అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటుంది గానీ అది గుర్తింపు కార్డు మీద తప్ప ఎక్కడా కనపడదు. పట్టాడంటే వదలడని రేవులో వాళ్ళు కొక్కెం అన్నారు, అదే స్థిరపడిపోయింది. ఈ పని నేర్పింది మేనమామ. "ఒరే అల్లుడూ, అరచెయ్యి పట్టుకోకు, అరచెయ్యి జారుతుంది. మణికట్టుకి పైన పట్టు. వాళ్ళనీ నీ చేతిని అక్కడే పట్టుకోమను. ఒకళ్ళు వదిలేసినా రెండోవాళ్ళ పట్టు ఉంటుంది" అనేవాడు. అలల్ని లెక్కపెట్టడం కూడా ఆయనే నేర్పాడు. రెండు పెద్దవి వెళ్ళాక ఒక మెత్తనిది వస్తుంది. దాని మీద మనిషిని దింపాలి.

ఇన్నేళ్ళలో కొక్కేనికి మనుషుల మొహాలు గుర్తులేవు, చేతులే గుర్తు. ఆ చేతులంటే అతనికి రోత. ఎండ తగలకుండా పూసుకున్న క్రీముతో మోచేతి దాకా జిడ్డుగా ఉండేవి కొన్ని. ఐస్‌క్రీము కారి బంకబంకగా ఉండేవి కొన్ని. తుమ్మి, ఆ తుమ్ముని అరచేత్తో పట్టి, అదే అరచెయ్యి ఆప్యాయంగా చాపేవాళ్ళున్నారు. చచ్చిన బల్లిని తోకపట్టి తీస్తున్నట్టు రెండు వేళ్ళే ఇచ్చేవాళ్ళున్నారు. కాలు తడబడిందంటే మెడ పట్టుకుని వేలాడేది కూడా వీళ్ళే. పొద్దున లేచింది మొదలు మూడు విడతలు మేసి, నాలుగో విడత ఒడ్డున ఎక్కడ అయిపోతుందోనని ఒకళ్ళ మడమలు ఒకళ్ళు తొక్కుకుంటూ వస్తారు. ఒకావిడైతే పడవలో తను కక్కుకున్న కాగితం సంచీని, ఇంకా వెచ్చగా ఉన్నదాన్ని, అతని చేతిలో పెట్టి థాంక్యూ అంది. ఆ వెచ్చదనం తలుచుకుంటే ఇప్పటికీ అతనికి ముద్ద దిగదు. ఇంటికెళ్తే భార్య గుమ్మం బయటే బకెట్టూ సబ్బూ పెట్టి, మూడుసార్లు కడుక్కుంటే గానీ లోపలికి రానివ్వదు.

ఏరు దాటేదాకా ఓడమల్లయ్య, ఏరు దాటాక బోడిమల్లయ్య అని పెద్దలు ఊరికే అన్నారా? మెట్టు మీద కాలు కుదిరిందంటే చాలు, ఆ చెయ్యెవరిదో, దాని వెనక మనిషున్నాడో లేదో ఎవడూ చూడడు. ఈమధ్య ఓడ కంపెనీవాళ్ళు దానికి ఇంకో సొగసు దిద్దారు. మెట్లెక్కి వచ్చిన ప్రతివాడి చేతులమీదా శానిటైజరు కొట్టడానికి ఒక అమ్మాయిని పెట్టారు. ఆ అమ్మాయి ఎవరో కాదు, కొక్కెం కూతురే. చదువయ్యాక దొరికిన మొదటి ఉద్యోగం. మూడు నెలలు చూసి, బాగుందంటే ఆఫీసులోకి తీసుకుంటారు. అంటే తండ్రి అంటించిన మైలని నాలుగడుగుల అవతల కూతురు కడుగుతోందన్నమాట.

"నీ గురించి కాదు నాన్నా, ఓడలో రోగాలు ఊళ్ళోకి రాకుండా" అని పిల్ల సర్దిచెప్పబోయింది.

"మరి ఆ రోగాలు ముందు నా చేతికేగా అంటేది? నాకెవరు కొడతారే?" అన్నాడు కొక్కెం. పిల్ల నవ్వేసింది గానీ అతనికి నవ్వు రాలేదు.

మూడు నెలలు పూర్తికావడానికి ఇంకా పది రోజులుందనగా, తెల్లబూట్ల పెద్దమనిషి ఒకడు వచ్చాడు. ఒక చేత్తో ఫోను ఎత్తిపట్టి, తను దిగడాన్ని తనే వీడియో తీసుకుంటూ, అల దిగిపోతున్నప్పుడు కాలు చాపాడు. కాలు నేరుగా సందులోకి వెళ్ళింది. కొక్కెం మోచేతి కింద పట్టి ఒక్క గుంజు గుంజకపోతే, ఆ తెల్లబూటు కాలితో సహా అక్కడే ఉండిపోయేది. పెద్దమనిషి రాతిమీద కూలబడి, లేచి, ముందు ఫోను పగిలిందేమో చూసుకున్నాడు. తర్వాత కొక్కెం కూతురి దగ్గర చేతులకి రెండుసార్లు కొట్టించుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు ఓడ కంపెనీ ఏజెంటు కొక్కేన్ని గదికి పిలిపించాడు. ఏజెంటుది ఎప్పుడూ ఇస్త్రీ మడత నలగని చొక్కా, నోట్లో ఎప్పుడూ పిప్పరమెంటు. ఫోను ముందుకు తోశాడు. అందులో ఒక తెల్లటి చెయ్యి, దానిమీద ఎర్రగా అయిదు వేళ్ళ అచ్చు.

"ఏమోయ్, ఇది నీ పనేనా?"

"నాదేనండీ. ఆయన కాలు నలిగిపోయేది సార్, పట్టుకున్నాను."

"కాలు నలిగిందా?"

"లేదండీ, పట్టుకున్నాను గనక..."

"నలగలేదుగా? నలగని కాలికి సాక్ష్యం ఏముంది? చేతిమీద మాత్రం అచ్చుంది. దాడి చేశాడని రాశాడాయన. చూడు, ఈ పూట నుంచి నువ్వు ఎవర్నీ ముట్టుకోవు. మెట్ల పక్కన తాడు కట్టిస్తాను, అది పట్టుకుని దిగుతారు. నువ్వు చేతులు వెనక్కి కట్టుకుని 'మెల్లిగా దిగండి' అంటే చాలు. ఇంకొక్క ఉత్తరం వచ్చిందంటే నువ్వూ ఉండవు, అక్కడ నీ కూతురూ ఉండదు."

ముట్టుకోను అని రాసున్న కాగితం మీద కొక్కెం సంతకం చేశాడు. పిప్పరమెంటు వాసనకి అతనికి డోకొచ్చినంత పనైంది.

ఇంట్లో భార్యకి చెప్తే ఆవిడ పళ్ళెం ముందుకు జరిపి, "ఇదీ ఒక కష్టమేనా? ఇన్నాళ్ళూ ఛీ ఛీ ఆ చేతులూ అని రోజూ నా ప్రాణం తీశావు. ఇప్పుడు ముట్టుకోవద్దంటే మొహం వేలాడేస్తావు. పది రోజులయ్యా! పది రోజులు నీ చేతులు నీ దగ్గర పెట్టుకుంటే పిల్ల కుర్చీలో కూర్చుంటుంది" అంది. కూతురు తల వంచుకుని తింటూ ఉంది. కొక్కేనికి భార్య మాటలో తప్పేమీ కనపడలేదు, అందుకే ఒళ్ళు మండింది.

మళ్ళీ ఓడ వచ్చిన రోజు గాలి ఎక్కువగా ఉంది. కొత్త తాడు మెట్ల పక్కన నీళ్ళలో నాని, పాములా జారుతోంది. ఏజెంటు పైమెట్టు మీద గొడుగేసుకుని నిలబడ్డాడు. మొదటి పడవ వచ్చింది. జనం అలవాటుగా చేతులు చాపారు. కొక్కెం చేతులు వెనక్కి కట్టుకుని, "తాడమ్మా, తాడు పట్టుకోండి బాబూ" అన్నాడు. ఒకడు మోకాలు కొట్టుకున్నాడు. ఒకావిడ నాలుగు కాళ్ళమీద పాకుతూ ఎక్కింది. ఇంకొకడు చెప్పు నీళ్ళలో పోగొట్టుకుని కొక్కేన్ని బండబూతులు తిట్టాడు. నిజం చెప్పాలంటే కొక్కేనికి లోపల హాయిగా ఉంది. పడండి, బాగా పడండి, ఇప్పుడు తెలుస్తుంది ఈ చెయ్యి విలువ అనుకున్నాడు. అలా అనుకుంటూ రెండో పడవని కూడా దాటించాడు.

మూడో పడవలో చివరగా ఒక ముసలావిడ మిగిలింది. గుడ్డబూట్లు, భుజాన చిన్న సంచీ, వెంట ఎవరూ లేరు. తాడు వైపు చూడనైనా లేదు, కొక్కెం వైపే చూసింది. చొక్కా చెయ్యి పైకి మడుచుకుని, అరచెయ్యి కాకుండా మణికట్టుకి పైభాగం ముందుకు పెట్టింది. ఎవరు నేర్పారో, సరిగ్గా పట్టుకోవలసిన చోటే. ఆ చేతికి క్రీము లేదు, జిడ్డు లేదు. పొడిగా, శుభ్రంగా, నరాలు తేలి ఉంది.

పెద్ద అల ఒకటి వెళ్ళింది. ఇంకొకటి వెళ్ళింది. మెత్తనిది వచ్చి పడవని లేపింది. ఆమె కాలెత్తింది. కొక్కెం కుడిచెయ్యి దానంతటదే వెనకనుంచి వచ్చి సగందాకా వెళ్ళింది. అప్పుడే పైమెట్టు మీద ఏజెంటు దగ్గాడు. కొక్కెం తలెత్తి చూశాడు. ఏజెంటు పక్కన సీసా పట్టుకుని కూతురు, కళ్ళు పెద్దవి చేసుకుని చూస్తోంది. పట్టుకోమంటోందో, వద్దంటోందో అతనికి తెలియలేదు. చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఆగింది ఎంతసేపు? రెప్పపాటు. ఆమె వేళ్ళు గాలిని పట్టుకున్నాయి. పడవ దిగిపోయింది, ఆమె కాలు సందులోకి వెళ్ళింది, అల పడవని తెచ్చి రాతికి కొట్టింది. ఎండుపుల్ల విరిచిన చప్పుడు అందరికీ వినపడింది.

అప్పుడు దూకాడు కొక్కెం. అప్పుడు పట్టుకున్నాడు, మణికట్టు పైన, రెండు చేతులతో, ఇరవై రెండేళ్ళ పట్టుతో. ఆమెని ఎత్తి మెట్టు మీద పడుకోబెట్టాడు. ఆ పట్టు ఇంక ఎవరికి కావాలి?

డాక్టరు ఓడలోనే ఉన్నాడు, ఓడకే తీసుకెళ్ళాలన్నారు. స్ట్రెచరు వచ్చేలోగా ఏజెంటు నలుగురినీ అడిగి కాగితం మీద రాసుకుని, కొక్కేన్ని పక్కకి పిలిచి భుజం తట్టాడు. ఇన్నేళ్ళలో ఆ మనిషి అతన్ని ముట్టుకోవడం అదే మొదటిసారి.

"శభాష్. ముట్టుకోలేదు నువ్వు. అందరూ చూశారు. ముట్టుకుని ఉంటే నీవల్లే పడిందనేవాళ్ళు. ఇప్పుడు మన తప్పు పిసరంత లేదు."

"తర్వాత పట్టుకున్నానండీ" అన్నాడు కొక్కెం.

"పడ్డాక పట్టుకోవడం వేరోయ్, అది సాయం కిందికొస్తుంది. నువ్వు మాట మీద నిలబడ్డావని పైకి రాస్తాను. అమ్మాయి విషయం ఇంక మర్చిపో, ఆఫీసులో చేరినట్టే."

కొక్కెం ఆ మొహం మీద ఉమ్మేద్దామనుకున్నాడు. ఉమ్మలేదు. "అలాగేనండీ" అన్నాడు. ఆ మాట తన నోట్లోంచే వచ్చిందని తెలిసి, నోరంతా చేదైంది.

స్ట్రెచరుని పడవలోకి ఎక్కిస్తుంటే ముసలావిడ చెయ్యెత్తి అతన్ని పిలిచింది. మొహం సున్నంలా పాలిపోయి ఉంది. తిడుతుందనుకుని వంగాడు. తిడితే బాగుండుననుకున్నాడు.

"ఏమనుకోకు నాయనా" అంది ఆమె. "నువ్వు చెయ్యి చాపుతూనే ఉన్నావు, నేను చూశాను. నేనే అందుకోలేకపోయాను. ముసలిదాన్ని కదా. నావల్ల నీకు మాట రాకూడదు, అడిగినవాళ్ళందరికీ ఇదే చెప్తాను."

ఇరవై రెండేళ్ళలో కొక్కేనికి ఏ చేతిని చూసీ, చివరికి ఆ వెచ్చటి సంచీని పట్టుకున్నప్పుడు కూడా, ఇంత రోత పుట్టలేదు. ఈసారి అతను చూస్తున్నది తన చేతినే. కాదమ్మా, నేనే ఆపేశాను అని చెప్పడానికి నోరు తెరిచాడు. పైమెట్టు మీద ఏజెంటు కాగితం మడుస్తున్నాడు. పక్కనే కూతురు నిలబడి ఉంది.

"జాగ్రత్తమ్మా" అన్నాడు.