అంటుకోని జబ్బు

ఆ యాసంగిలో కోటగిరి దగ్గర మా పొలంలో నాట్లు వేస్తున్నాం. కాలువ నీళ్లు చల్లగా ఉన్నాయి. నారు కట్ట విప్పబోతే నా వేళ్లు సున్నం పూసినట్టు తెల్లబడ్డాయి. కాసేపటికి నీలంగా మారాయి. గట్టెక్కి చంకల్లో పెట్టుకుంటే ఎర్రబడి మంట పుట్టింది. "నాట్లు ఎగ్గొట్ట సూస్తున్నవ్" అని తోటి ఆడవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను.

మరుసటి చలికాలానికి వేళ్ల మీద చర్మం బిగిసి మెరవసాగింది. పిడికిలి ముడుచుకునేది కాదు. ముఖం లాక్కుపోయి, ముద్ద పెట్టుకునేంత నోరు తెరవలేకపోయాను. మా అత్త నా కంచం, చెంబు పశువుల కొట్టంలో పెట్టింది. రెండేళ్ల నా బిడ్డను తన పక్కలో పడుకోబెట్టుకుంది. కుష్టు అని ఊరంతా అనుకుంటున్నట్టే ఆమె కూడా అనుకుంది.

నాకు ఒళ్లు మండింది. కుష్టు కాదని చెప్పాల్సింది కుష్టు దవాఖానే కదా అని, మా ఆయనను వెంటబెట్టుకుని డిచ్‌పల్లి పోయాను. అంత తెలివైన పని, అంత తెలివితక్కువ పని నేను మళ్లీ చేయలేదు.

అక్కడి డాక్టర్ నన్ను కళ్లు మూసుకోమని వేళ్లకు దూది తాకించాడు. తాకిన ప్రతిసారీ చెప్పాను. చెవి తమ్మె గీరి, క్రిముల పరీక్షకు స్మియర్ తీశారు. "క్రిములు లేవమ్మా. స్పర్శ బాగున్నది. ఇది లెప్రసీ కాదు, స్క్లెరోడర్మా అనుకుంటున్న, చర్మం గట్టిపడే జబ్బు. హైదరాబాద్ పోండి" అని చీటీ రాసిచ్చాడు.

హైదరాబాద్‌లో బయాప్సీ చేశారు. బేరియం తాగించి ఎక్స్‌రే తీశారు. పెద్ద డాక్టర్ ఓపికగా చెప్పాడు: "కొలాజెన్ అని ఒక ప్రొటీన్ ఉంటదమ్మా. దారాల లెక్క అల్లుకొని చర్మాన్ని, ఎముకను పట్టి ఉంచుతది. గాయం పూడ్చేది గూడ అదే. మీ ఒంట్ల గాయం లేకున్నా అది పెరుగుతనే ఉన్నది."

"మందు?"

"నయం చేసే మందు లేదు. చలి తగలనీయకండి."

"అంటుకుంటదా సార్?"

"అంటుకోదు."

మూడుసార్లు అడిగాను. మూడుసార్లూ అదే చెప్పాడు. బస్సులో ఏడ్చాను, సంతోషంతోనే.

ఇంటికొచ్చి మా ఆయన, కుష్టు కాదని రాసిన డిచ్‌పల్లి చీటీ చూపించాడు. మా అత్త దాన్ని ముట్టుకోలేదు. "కుష్టు లేకుంటె ఆ దవాఖానకు ఎందుకు పోయిన్రు?" అంది. మా ఆయన తల దించుకుని నిలబడ్డాడు. నేను చెబుతుంటే ఇదంతా రాస్తున్నది ఆయనే. ఈ మాట దగ్గర కలం ఆపాడు. రాయమన్నాను.

ఆ తర్వాత రెండు వేళ్ల కొసలు నల్లబడి పుండ్లయ్యాయి. కోసేయాల్సి వచ్చింది. ఇక ఊరికి వేరే సాక్ష్యం అక్కర్లేకపోయింది.

ఇప్పుడు నేను, మా ఆయన వేరే గదిలో ఉంటున్నాం. అన్నం నీళ్లతో గాని దిగదు. పది అడుగులు వేస్తే ఆయాసం. ఊపిరితిత్తులు కూడా బిగుస్తున్నాయన్నారు. బిడ్డకు తొమ్మిదేళ్లు. గడప దాకా వచ్చి, "అమ్మా, ఏమన్న కావాల్నా?" అని అడుగుతుంది. మొన్న దగ్గరికి రమ్మని చెయ్యి చాపాను. ఒకడుగు వెనక్కి వేసింది. దానికి నా మీద కోపం లేదు, భయమూ లేదు. అట్లాగే పెరిగింది.

మీకు చెప్పేది ఒకటే. దవాఖానకు పోయేటప్పుడు, మిమ్మల్ని నమ్మని మనిషినే తోడు తీసుకుపోండి. అంటుకోదన్న మాట డాక్టర్ నోటి నుంచి వాళ్లే వినాలి. నేను మా అత్తను తీసుకుపోలేదు.