మా మామకు తుపాకి తిరిగొచ్చిన సంగతి

నేను కోడలుగా దొంకేశ్వర్ దిక్కు వచ్చేటాల్లకే మా మామకు లైసెన్స్ తుపాకి ఉండె. మక్క చేన్లకు అడవి పందులు రాకుంట గాలిల పేల్చేటోడు. ఊర్ల ఇంకెవ్వరికీ లేని సామాను గదా, దాన్ని తుడుసుకుంట కూసుంటె మామకు అన్నం యాదికి రాకపోయేది.

గసొంటి మనిషి ఓసారి కాలువ నీళ్ల కాడ లొల్లి పెట్టుకొని, పక్క చేనాయన చెయ్యి కట్టెతోని ఇరగ్గొట్టిండు. కేసైంది. కొన్ని నెలలు జైల్ల ఉండి వచ్చిండు. లైసెన్స్ రద్దయింది, తుపాకి ఠాణాల జమైంది. శిక్ష అయిపోయినంక ఇంకో అయిదేండ్ల దాకా లైసెన్స్ అడిగే హక్కు లేదని ఆర్మూర్ వకీలు చెప్పిండు.

"కొట్టింది కట్టెతోని. తుపాకి ఏం జేసింది?" అన్నడు మామ. వకీలు చాయ్ తాగి ఫైలు మూసిండు.

గా ఏండ్లన్ని మా ఇంట్ల పందుల ముచ్చటే. మామ రేకు డబ్బ గొట్టిండు. అత్త పాత చీరలు చేను సుట్టు కట్టింది. నేను ఫోన్ల తుపాకి సప్పుడు దొరికిచ్చుకొని పెద్ద స్పీకర్ల పెట్టిన. మొదట్ల పందులు ఉరికినయ్. జర దినాలకు ఆ సప్పుడు వినుకుంటనే కంకులు తినవట్టినయ్.

"నీ ఫోను వాటికి బడి గంట లెక్కయింది బిడ్డా" అన్నడు మామ.

గడువు దాటినంక నేనే దరఖాస్తు పెట్టిచ్చిన. ఎంక్వైరీకి కానిస్టేబుల్ వచ్చిండు. మామ ఇస్త్రీ అంగి తొడుక్కొని, ఎన్నడు లేని మర్యాదతోని కుర్చీ తుడిసి ఏసిండు. అన్ని అడిగినంక కానిస్టేబుల్, "నువ్వు కొట్టినాయనను గూడ ఒక మాట అడగాలె" అన్నడు. మామ మొకం మాడిపోయింది. గా ఇంటితోని మాకు మాటలు బందై ఎన్నేండ్లాయె.

కానిస్టేబుల్‌ను నేనే గాయన కాడికి తోల్కపోయిన. ఆయన కల్లంల పసుపు ఎండబోస్తుండు. మామ దూరం దూరంకెళ్లి వచ్చి, ఎవ్వరికి కనవడ్తలేననుకొని పసుపు కుప్ప ఎనక నిలవడ్డడు.

"ఆయనకు తుపాకి ఇస్తే నీకు భయమా?" అని అడిగిండు కానిస్టేబుల్.

"తుపాకికి గాదు సార్, కట్టెకు భయం. కట్టెకు లైసెన్స్ అడుగరు గదా."

కానిస్టేబుల్ నవ్వాల్నా వద్దా అన్నట్టు నా దిక్కు సూసిండు.

"ఇయ్యుండ్రి సార్. పందులు ఆయన మక్క అంత తిని ఒడగొట్టి నా చేన్లకే వస్తున్నయ్. గా స్పీకర్ సప్పుడుకు పందులు పోతలేవు, నాకు నిద్ర వస్తలేదు" అన్నడు ఆయన. మళ్ల నాతోని, "మీ మామను నీడకు రమ్మను బిడ్డా. ఎండ మస్తు కొడ్తుంది" అన్నడు.

మామ తల వంచుకొని వచ్చిండు. జరసేపు పసుపు కొమ్ములు చేతుల పట్టి సూసిండు.

"చెయ్యి ఎట్లుంది?"

"మొగులై వాన వచ్చేటట్టుంటె గుంజుతది."

"తప్పయిపోయింది నాది."

కోర్టుల గూడ అనని మాట అది. నేను బిత్తరపోయిన.

కొన్ని నెలలకు లైసెన్స్ వచ్చింది. తుపాకి ఇంటికి తెచ్చిన దినం, "మాపటికి పేలుస్త, బెదురొద్దని గాయనకు చెప్పిరా పో" అన్నడు మామ నాతోని.

"నువ్వే పోయి చెప్పు మామా" అన్న.

గునుక్కుంట పోయిండు. మస్తుసేపటికి వచ్చి, అన్నం ఆడనే తిన్ననన్నడు. అత్త, మామకు పెట్టిన పళ్లెం లోపటికి తీస్కపోయింది.