నా పేరుతో అచ్చయిన సాయిబు మాటలు

మా బైండు సాయిబు గారు పోయారన్న సంగతి నాకు వినుకొండ బజారులో తెలిసింది. సెలవులకు అత్తగారింటికి వెళ్లి, చింతపండు కొట్టు దగ్గర నిలబడి ఉన్నాను. నరసరావుపేట నుంచి వచ్చిన బట్టల వ్యాపారి ఒకాయన పలకరించి, ఆ మాటా ఈ మాటా అయ్యాక, "బైండు సాయిబు పోయాడు గదా పంతులుగారూ, మొన్న ఆదివారం. మీకు కబురు రాలేదా?" అన్నాడు. రాలేదన్నాను. "మీరూ ఆయనా చానా దగ్గర గదా, తెలిసే ఉంటదనుకున్నా" అని ఆయన బేరంలో పడిపోయాడు. నేను తూకం వేయించిన చింతపండు అక్కడే వదిలేసి ఇంటికి వచ్చాను.

ఏడుపు రాలేదు. రాయడానికి సిగ్గుగా ఉంది గాని, ముందుగా నాకు కలిగింది ఒక రకమైన నిశ్చింత. మా ఇద్దరికే తెలిసిన సంగతి ఒకటుంది, ఇక అది తెలిసినవాడు నేనొక్కణ్ణే గదా అనిపించింది. అలా అనిపించినందుకు ఆ పూట అన్నం దగ్గర కూర్చుని లేచిపోయాను. ఏమైందని మా అత్తగారు అడిగితే తలనొప్పి అన్నాను. అదీ అబద్ధమే.

ఈ పత్రికను యుద్ధం రోజుల నుంచి చదువుతున్నవారికి 'ఈ మధ్య చదివినవి' అన్న శీర్షిక గుర్తుండవచ్చు. కొత్తగా వచ్చిన డిటెక్టివు నవలల మీదా, ప్రేమ నవలల మీదా, పెద్దమనుషుల స్వీయచరిత్రల మీదా అందులో నా అభిప్రాయాలు రాసేవాణ్ణి. బాగున్నాయని మీలో చాలామంది ఉత్తరాలు రాశారు. ఆ అభిప్రాయాలు నావి కావు. మా రీడింగు రూము పుస్తకాలు బైండు చేసిన సాయిబు గారివి. ఆయన పేరు ఇక్కడ రాయడం లేదు. "ఊళ్లో ఆయన్ని బైండు సాయిబు అంటేనే ఎరుగుదురు, అట్టనే రాయండి" అన్నారు ఆయన భార్య.

నేను నరసరావుపేటలో బడిపంతుల్ని. సాయంత్రాలు రీడింగు రూముకు కార్యదర్శిని. నలుగురి చేతుల్లో నలిగిన పుస్తకాలను మూటగట్టి బజారు వెనక సందులో సాయిబు గారింటికి మోసుకుపోవడం నా పని. ఆయన నాకు తండ్రి వయసువారు. బాబాయి అని పిలిచేవాణ్ణి. ఆయన మాత్రం నన్ను పంతులుగారూ అనే అనేవారు, మీరు అనే అనేవారు. ఆ వరస ఆయన ఎన్నడూ తప్పలేదు.

ఇంటి ముందు వసారాలో కిటికీ కింద చాప. ఒక పక్క చెక్క బిగింపు, సూదులు, దారం ఉండలు. ఇంకో పక్క మైలుతుత్తం కలిపిన మైదా జిగురు. మైదా దొరకని రోజుల్లో గంజి మరగబెట్టి ఏదో చేసేవారు, దాని వాసనకు నేను ముక్కు మూసుకుంటే నవ్వేవారు. పుస్తకం ముట్టుకునే ముందు చేతులు కడుక్కునేవారు. వేలు నాలిక మీద తడిపి పేజీ తిప్పేవాళ్లంటే ఆయనకు మంట. నేను ఒకసారి అలా చేయబోతే పుస్తకం లాక్కుని, "అన్నం తినే నోరు పంతులుగారూ, పుస్తకాన్ని ఎందుకు ఎంగిలి చేస్తారు?" అన్నారు.

బైండు చేయాలంటే పాత కుట్టు కోసి, ఫారాలు, అంటే కొన్నేసి పేజీలు కలిపి మడిచిన కట్టలు, విడదీసి, వరస సరిచూసుకోవాలి. అంకెలు చూసుకుంటే అయిపోయే పని. ఆయన అంకెలను నమ్మేవారు కాదు. కుర్రతనంలో గుంటూరు అచ్చాఫీసులో అక్షరాలు కూర్చిన మనిషి. "అంకె తప్పు పడొచ్చు. ఈ కాగితం చివరి మాటా ఆ కాగితం మొదటి మాటా అతుక్కుంటే వరస సరిగా ఉన్నట్టు" అనేవారు. అతుకులు చూడటానికని మొదలుపెట్టి పుస్తకమంతా చదివేసేవారు. మూట తీసుకోవడానికి నేను వెళ్లినప్పుడు ఒక్కో పుస్తకం చేతికిస్తూ దాని గురించి ఒక మాట చెప్పేవారు. చెప్పమని నేను అడిగిందీ లేదు, వినమని ఆయన పట్టుబట్టిందీ లేదు.

జమీందారు గారింట్లో కంఠె పోయిన నవల ఒకటి ఉండేది. పట్నం నుంచి డిటెక్టివు వచ్చి, అత్తరు వాసన పట్టుకుని దొంగను కనిపెడతాడు. ఊరంతా ఎగబడి చదివిన పుస్తకం. సాయిబు గారు దాన్ని నా చేతిలో పెట్టి, "దొంగ దొరికాడు, బాగానే ఉంది. ఆ ఇంట్లో పనిచేసే ముసలామెని నలభై పేజీలు అనుమానించారు గదా. తప్పయిందమ్మా అని ఒక్కడన్నా అనలేదేంది?" అన్నారు. ఇంకో ప్రేమ నవల. "ఈ పిల్ల మూడుసార్లు మూర్ఛపోయింది పంతులుగారూ. మూడుసార్లూ ఆ అబ్బాయి పట్టుకోటానికి వీలుగా పక్కనుండంగానే పోయింది. మా ఇంట్లో ఆమె ఒకసారి పడితే నేను చీరాలలో ఉన్నా" అన్నారు. లోపలి నుంచి ఆవిడ ఏదో అంది, ఆయన నవ్వు ఆపుకోలేకపోయారు.

స్వీయచరిత్రల దగ్గర మాత్రం నవ్వేవారు కాదు. పెద్ద ఉద్యోగం చేసి దిగిన ఒకాయన తన జీవితం ఐదువందల పేజీలు రాసుకున్నాడు. దానికి అట్ట వేస్తూ సాయిబు గారు అన్నమాట ఇది: "ఈయన్ని తిట్టినోళ్లందరికీ పేర్లున్నయ్యి. చదువుకునే రోజుల్లో మూడేళ్లు అన్నం పెట్టినామె మాత్రం 'ఒక బంధువు'. ఆమె పేరు ఈయనకి తెలవకుండా ఉంటదా?"

ఈ మూడు మాటలూ అచ్చయ్యాయి. మొదట్లో ఈ పత్రిక సంపాదకులు, మా రీడింగు రూముకు వచ్చిన నాలుగు పుస్తకాల గురించి రాయమని అడిగారు. కాగితం ముందు పెట్టుకుంటే నాకు ఏమీ తోచలేదు. 'శైలి మృదుమధురముగా నున్నది' అని రాసి కొట్టేశాను. ఆ పైన సాయిబు గారి మాటలు గుర్తొచ్చాయి. వాటికి కాస్త బడి భాష తొడిగి పంపాను. వచ్చిన సంచికను నేనే తీసుకెళ్లి ఆయనకు ఇచ్చాను. ఎందుకిచ్చానో ఇప్పటికీ తెలియదు. గొప్ప చూపించుకోవాలనే అయి ఉంటుంది. ఆయన దారం కట్టిన కళ్లద్దాలు సర్దుకుని, చదివి, కింద నా పేరు దాకా వచ్చి ఆగారు. "బాగుంది పంతులుగారూ. మాట అచ్చులో పడితే కుదురుగా కూచుంటది" అన్నారు. అంతే. ఇది నా మాటే గదా అని ఆయన అనలేదు కాబట్టి, నేను దాన్ని అనుమతి కింద జమ కట్టుకున్నాను.

ఆ తరవాత నేను పుస్తకాలు చదవడమే మానేశాను. ఆయన చదివేవారు, నేను సంతకం పెట్టేవాణ్ణి. మాచవరం నుంచి ఒక హెడ్మాస్టరు గారు, ఇతరుల కంటికి ఆననివి మీ కంటికి ఎలా ఆనుతున్నాయని ఉత్తరం రాశారు. ఆ ఉత్తరం కూడా సాయిబు గారికి చదివి వినిపించాను. ఆయన సూదిలో దారం ఎక్కిస్తూ, "మంచిదే గదా" అన్నారు.

అలా ఒక ఏడాది గడిచాక, ఎవరో దానం చేసిన పుస్తకాల్లో ఒక డిటెక్టివు నవల వచ్చింది. దానికి చివరి ఫారం లేదు. సాయిబు గారు ఆ చోట తెల్లకాగితాలు కుట్టి, ఒక్కోదాని మూలన ఏ పేజీ పోయిందో పెన్సిలుతో అంకె వేసి నాకిచ్చారు. "ఇంకో కాపీ దొరికితే చూసి రాసుకోవచ్చు. అందాకా దొంగెవరో మనకి తెలవదు. నా అనుమానం గుమాస్తా మీద. అనుమానమే సుమండీ" అన్నారు. ఆ చివరి మాట నేను చెవిన పెట్టలేదు. గుమాస్తాయే దొంగ అని సగంలోనే తెలిసిపోతుంది, అదే ఈ నవలకు లోపం అని దర్జాగా రాసి పంపాను. పుస్తకం తెరిచి కూడా చూడలేదు.

నెల తిరగకుండా నవల రాసినాయన పత్రికకు ఉత్తరం రాశాడు. తన నవలలో దొంగ యజమాని చెల్లెలనీ, గుమాస్తా అమాయకుడనీ, ఈ విమర్శకుడు ఏ నవల చదివాడో చెప్పాలనీ. సంపాదకులు నన్ను సమాధానం అడిగారు. పుస్తకం చదవలేదని ఒక్క వాక్యం రాస్తే సరిపోయేది. బడిలో నా పరువూ, రీడింగు రూములో నా కుర్చీ, హెడ్మాస్టరు గారి ఉత్తరం అన్నీ కళ్ల ముందు తిరిగాయి. మా రీడింగు రూము ప్రతిని బైండు చేసిన వ్యక్తి పొరపాటున వేరొక నవల కాగితాలు చివర కలిపి కుట్టినందువల్ల ఈ అపోహ కలిగినదని రాశాను. చిన్న అక్షరాల్లో, పేజీ అడుగున వేశారు. అయినా ఊళ్లో చదవనివాడు లేడు.

మర్నాటి సాయంత్రం సాయిబు గారు రీడింగు రూముకు వచ్చారు. ఆయన అక్కడికి రావడం నేను చూడటం అదే మొదలు. అధ్యక్షుల వారూ, ఇంకో నలుగురూ పేపర్లు చదువుకుంటున్నారు. ఆయన గడప దగ్గరే ఆగి, "పంతులుగారూ, నేను వేరే కాగితాలు కుట్టలా. ఖాళీవి కుట్టా. మీకు చెప్పి ఇచ్చా" అన్నారు. గొంతు పెంచలేదు. ఆ నవల నా వెనక బీరువాలోనే ఉంది. తీసి చూపిస్తే అయిపోయేది. నేను బీరువా వైపు చూడను కూడా లేదు. "మరిచిపోయి ఉంటావులే బాబాయ్, పెద్దతనం" అన్నాను.

ఆయన నన్ను చూశారు. ఆ చూపులో కోపం ఉన్నా నాకు ఇంత బాధ ఉండేది కాదు. నేను చెప్పింది సరిగా వినపడని మనిషిలా చూశారు. "సరే" అని వెళ్లిపోయారు. ఆ రాత్రే ఆ నవల ఇంటికి తీసుకుపోయి పెట్టె అడుగున పెట్టాను. ఆ నెల నుంచే కమిటీ వారు పుస్తకాలను గుంటూరు పంపించడం మొదలుపెట్టారు. రీడింగు రూము పని పోయాక బడి వాళ్లూ, ప్లీడర్లూ కూడా ఇవ్వడం తగ్గించారు. కాగితాలు తారుమారు చేస్తాడట అన్న మాట ఒకటి మిగిలిపోయింది. బైండరుకు అంతకన్నా తిట్టు లేదు.

నా శీర్షిక ఇంకో మూడు నెలలు నడిచింది. ఈ మధ్య మీ రాతలో ఉప్పు తగ్గిందని ఒక పాఠకుడు రాశాడు. కాగితం కరువు వల్ల ఆపుతున్నానని చెప్పి ఆపేశాను. సాయిబు గారు బజారులో ఎదురైతే, "ఏం చదువుతున్నారు పంతులుగారూ?" అని మామూలుగానే అడిగేవారు. నేను పని ఉన్నట్టు నడిచిపోయేవాణ్ణి. ఆయన వీధిలోకి రావడం చూస్తే సందు మారేవాణ్ణి. రెండేళ్లు అలాగే తిరిగాను. చదివే పుస్తకాలు లేక ఆయన ఆ రెండేళ్లూ ఏం చేశారో కనుక్కోలేదు.

వినుకొండ నుంచి మర్నాడు రైలెక్కి తిన్నగా ఆయన ఇంటికే వెళ్లాను. కూతురు వసారాలో పీట వేసి లోపలికి పోయింది. సాయిబు గారి భార్య భర్త పోయిన గడువులో ఉన్నారు. నాలుగు నెలల పది రోజులు పరాయి మగవాళ్ల ఎదట పడకూడదు. గుమ్మానికి కట్టిన తెర వెనక నుంచి మాట్లాడారు. నేను ఆమెను పిన్నమ్మా అనేవాణ్ణి. పోయినవారి మంచి గురించి నాలుగు మాటలు చెప్పబోయాను. ఆమె ఆపేసింది.

"ఒక్క మాట అడగాల పంతులుగారూ. ఎవరినీ అడగలేకపోయా. ఆయన కుట్టాడా, వేరే కాగితాలు?"

నేను నోరు విప్పేలోపే ఆమే అంది. "కుట్టలేదనే అన్నాడు చివరిదాకా. నేను నమ్మలా. అచ్చులో పడ్డది, పంతులుగారు రాశారు, చదువుకున్నాయన అబద్ధం ఎందుకు రాస్తాడని పోట్లాడా. నీ కళ్లు పోయినయ్యి, ఒప్పుకో, ఒప్పుకుంటే పని మళ్లా ఇస్తారని రెండేళ్లు ఆయన్ని సాధించా. ఒకనాడు, నువ్వు గూడా నమ్మవా అన్నాడు. నమ్మనన్నా. మళ్లా ఆ మాట ఎత్తలా ఆయన."

"కుట్టలేదు పిన్నమ్మా. నేనే అబద్ధం రాశాను" అన్నాను.

"అయితే నేను గూడా పొరపడ్డా" అంది. తిట్టలేదు. తిడితే బాగుండునని కూర్చున్నాను. "మా ఆడోళ్లు గోరీల దగ్గరికి పోకూడదు. పోవచ్చన్నా నేనిప్పుడు గడప దాటకూడదు. మీరు పోండి. మీ ఇంట్లో ఆమె తప్పయిందని చెప్పమంది అని చెప్పండి. ఆ పైన మీదేదో మీరు చెప్పుకోండి."

ఎండ దిగుతుండగా ఖబరస్తానుకు వెళ్లాను. కూతురు చెప్పిన గుర్తు పట్టుకుని వెతికాను. మట్టి ఇంకా పచ్చిగానే ఉంది. చెప్పులు విడిచి నిలబడి ఆవిడ మాట చెప్పాను. గట్టిగానే చెప్పగలిగాను. అది నాది కాదు గదా. ఆ తరవాత నాది చెప్పడానికి నోరు తెరిచాను. నాలుగు గోరీల అవతల ఒక మనిషి చెంబుతో నీళ్లు చల్లుతూ తలెత్తి నావైపు చూశాడు. మా ఊరివాడే, ముఖం తెలుసు. అతను వెళ్లేదాకా ఆగుదామని నిలబడ్డాను. అతను చెంబు పక్కన పెట్టి తీరిగ్గా కూర్చున్నాడు. చీకటి పడేలా ఉంది. వంగి, మట్టి సర్దుతున్నట్టు చేతులు కదిలిస్తూ, అతనికి వినపడకుండా గొంతు తగ్గించి చెప్పాను.