సీటు రాలేదని చెప్పింది నేనే

మా అమ్మాయికి పెద్ద లా కాలేజీలో సీటు రాలేదని నగర్తపేట నుంచి ఊరి చివరి కాడుగోడి దాకా మావాళ్ళందరికీ తెలుసు. అది నిజం కాదు. సీటు వచ్చింది. తనే వద్దంది. రాలేదని చెప్పింది నేను.

ఎల్.ఎల్.బి. అయ్యాక సివిల్స్‌కు చదువుతూ, పక్కనే ఎల్.ఎల్.ఎం. కూడా చేస్తానంది. సివిల్స్‌లో తన ఆప్షనల్ కూడా లానే కాబట్టి ఒక చదువు రెండింటికీ పనికొస్తుందని ధీమా. నగర్తపేటలో మాది గుడ్డల దుకాణం. ఫలితం రాకముందే నేను మా వీధంతా పెద్ద కాలేజీ పేరు చెప్పుకుని తిరిగాను.

తీరా రెండు కాలేజీల్లో సీటొచ్చింది. ఒక శనివారం తండ్రీ కూతుళ్ళం పెళ్ళిచూపులకు వెళ్ళినట్టు రెండూ చూసొచ్చాం. పెద్ద కాలేజీ పచ్చికా, గాజుగోడల లైబ్రరీ చూసి నేను మురిసిపోయాను. అమ్మాయి మాత్రం కనిపించిన విద్యార్థినల్లా ఒకటే అడిగింది: "ఇక్కడ చేత్తో ఎంత రాయిస్తారు?" వాళ్ళు నవ్వారు. అన్నీ లాప్‌టాప్‌లోనేనట.

రెండోది మెట్లు అరిగిపోయిన చిన్న కాలేజీ. అక్కడి మేడమ్ ఒకావిడ ప్రతి వారం మూడు గంటలు కూర్చోబెట్టి జవాబులు రాయిస్తుందట. "వేళ్ళు విరిగిపోతాయక్కా" అని ఒక విద్యార్థిని ఏడుపుమొహం పెట్టింది. మా అమ్మాయి మొహం వెలిగింది.

"అప్పా, ఇదే!"

"ఇదేంది తల్లీ? క్యాంటీన్లో ఫ్యాను కూడా తిరగల్యా."

"సివిల్స్ మెయిన్స్ చేత్తోనే రాయల్లప్పా. ఫ్యానొచ్చి రాస్తాదా?"

"వీధిలో అందరికీ చెప్పేస్తినే!"

"అయితే నువ్వే పోయి చేరు. ఆ లైబ్రరీ నీకే నచ్చిండాది."

ఆటోలో ఇంటిదాకా నవ్వుతూనే ఉంది. మర్నాడు పక్క దుకాణంవాడు అడిగితే, నా కూతురు నా మాట కాదన్నదని చెప్పడానికి నోరు రాలేదు. "కొంచెంలో తప్పిపాయెనప్పా" అన్నాను. ఆ మాట నాకంటే ముందే ఊరంతా తిరిగింది.

మొన్న కాడుగోడిలో మా బావమరిది గృహప్రవేశం. ఒబ్బట్లు వడ్డిస్తుండగా అతను అమ్మాయి పక్కన చేరాడు. "సీటు తప్పిపాయెనంట గదమ్మా. సివిల్స్‌లోనన్నా ఇట్ల కాకుండా చూసుకో."

అమ్మాయి నా వైపు ఒక్కసారి చూసింది. అప్పుడే దానికి అర్థమైంది.

"అట్లే మామా" అని తల వంచుకుని ఒబ్బట్టు తుంచింది.

చేతిలోని ముద్ద ఆకులో పెట్టేశాను. "లేదు, సీటొచ్చింది. అదే వద్దనె. నేనే అబద్ధం చెప్తిని" అన్నాను. బంతిలో చేతులన్నీ ఆగిపోయాయి.

"అంటే సీటు పాయింది నీకా బావా!" అన్నాడు బావమరిది.

బంతంతా ఘొల్లుమంది. మా ఆవిడ నవ్వే అన్నిటికంటే పెద్దది.

"సుమ్నే ఊరుకో మామా. ఆయనకి ఆ లైబ్రరీ ఇంగా కల్లోకి వస్తాండాది" అంది అమ్మాయి, తన ఆకులోని ఒబ్బట్టు నా ఆకులో వేస్తూ.

కాడుగోడిలో అలా తెలిసిపోయింది. నగర్తపేటలో ఒక్కొక్కరినీ పట్టుకుని చెప్పుకొస్తున్నాను, ఇంకా చాలామంది ఉన్నారు. అందుకే రాసిపెడుతున్నాను, చేత్తోనే. వేళ్ళు నిజంగానే నొప్పి పెడుతున్నాయి.