మెట్ల కింద తెర వెనక

పూంగొడి, ముప్పై నాలుగేళ్ళు. ఏ గదిలోకి అడుగుపెట్టినా ముందు ఒకసారి చప్పట్లు కొడుతుంది. ఒకేసారి, గట్టిగా. తర్వాత తల కొంచెం వంచి, ఎవరో జవాబు చెప్తారన్నట్టు నిలబడుతుంది.

మా ఇంటికి వచ్చిన రోజు హాల్లో కొట్టింది, వంటింట్లో కొట్టింది, బాత్రూమ్‌లో కూడా కొట్టింది. నేను కాఫీ గ్లాసు పట్టుకొని వెనకాలే తిరిగినాను. అట్లా వెతికి వెతికి ఆమె పట్టుకున్న శబ్దాన్ని మూడో రోజు పొద్దున ఎవరు పాడుచేస్తారో ముందే తెలిసుంటే, ఆ కాఫీలో నిద్రమాత్ర కలుపుకొని నేనే తాగి పడుకునేదాన్ని.

ఆమె మా ఇంటికి ఎందుకొచ్చిందంటే, మా అన్న కూతురు గోమతి కోసం. గోమతి వారమంతా స్పిన్నింగ్ మిల్లు ఆఫీసులో హాజరు పట్టీలు చూస్తుంది, ఆదివారాలు గిటారు పట్టుకొని పాడుతుంది. స్కూల్లో పీటీ టీచరు సెల్వి డ్రమ్ములు వాయిస్తుంది. తమిళనాట మా రాజపాళయంలో ఇద్దరాడవాళ్ళ రాక్ బ్యాండు! ఇండీ రాక్ అంటారంట దీన్ని. వెనక పెద్ద కంపెనీ ఏదీ ఉండదు. పాట వాళ్ళదే, లీవు వాళ్ళదే, గొంతు నొప్పీ వాళ్ళదే.

పోయిన ఏడు వీళ్ళు వేరే ఊళ్ళో ఒక స్టూడియోకు పోయి ఒక పాట చేసుకొచ్చినారు. అక్కడి ప్రొడ్యూసర్ ఒక పెద్దమనిషి. "కొంచెం ఆడపిల్ల మాదిరి పాడమ్మా" అన్నాడంట. ఆ పాట విన్నాను. గోమతిది గరుకు గొంతు. గిన్నె అడుగున మాడిన పాలకోవా రుచిలాంటిది, నాకు చాలా ఇష్టం. ఆ పాటలో అది పాకంలో ఊరిన జామూన్ అయిపోయింది. డ్రమ్ములేమో పక్క వీధి పెండ్లిలో మోగుతున్నట్టున్నాయి. అదే పిల్ల, అదే పాట, అదే గిటారు. "పాట నీదే, పాడింది ఎవరు?" అని అడిగినాను. ఏడ్చేసింది.

అప్పటినుంచి నాకు ఒకటే కుతూహలం. పాడని, వాయించని మనిషి ఒకరు పక్కన కూర్చొని పాటను ఇంతలా ఎట్లా మార్చేస్తారు? అందుకే, ఈసారి ఆల్బమ్‌కు ప్రొడ్యూసర్‌గా చెన్నై నుంచి పూంగొడి వస్తుంది, స్టూడియో వద్దు ఇల్లు కావాలంటుంది అనగానే, మా ఇంట్లో చెయ్యండి అన్నాను. సామాను దించిన ఆటో ఆయన "సార్ ఎప్పుడొస్తారు?" అని పూంగొడినే అడిగినాడు. "సార్ రారు" అనింది ఆమె, స్టాండ్లు లెక్కపెట్టుకుంటూ.

మా హాల్లో మేడ మెట్లున్నాయి. మెట్ల కింద మూలకు ఒక పాత చీర తెరగా కట్టి ఉంటుంది. పూంగొడి ఆ తెర ముందు చప్పట్లు కొట్టి, మొదటిసారి నవ్వింది. డ్రమ్ములు ఇక్కడే అనింది. ఎందుకు అని అడిగితే, "ఇక్కడ మోత తిరిగి రావడం లేదక్కా. పోయి పడుకుంటోంది" అనింది. తెర వెనక ఏముందో ఆమె చూడలేదు. అవసరమూ లేదు. చెవికి నచ్చింది, అంతే.

ఆ తర్వాత ఆమె చేసిన పనులు చూస్తూ నేను రాయాల్సిన వ్యాసం కూడా మర్చిపోయినాను. నా జాకెట్టు కొలత టేపుతో డ్రమ్ముకూ మైకుకూ మధ్య దూరం కొలిచింది. ఒక డ్రమ్ము మీద నా తువ్వాలు కప్పింది. ఇంకో మైకు తీసుకుపోయి వంటింటి గుమ్మంలో, మమ్మల్ని పట్టించుకోనట్టు అటు తిప్పి పెట్టింది. గోమతిని కడుపునిండా అన్నం తిన్న వెంటనే పాడమంది. గొంతు కొంచెం బద్ధకంగా ఉండాలంట. ఒక పాటలో మా ఫ్యాను కిర్రుమనింది. తీసేస్తుందనుకున్నాను. లేదు, ఫ్యాను తాళం తప్పలేదు, ఉండనీ అనింది.

ఇంతకీ నీ పనేంటి తల్లీ అని అడిగేసినాను.

"మీరు వ్యాసం రాస్తారు కదక్కా. ఏది ఉంచాలి, ఏది కొట్టెయ్యాలి అని పక్కన ఎవరు చెప్తారు?"

"ఎవరూ చెప్పరు."

"అది చదివితే తెలుస్తుందిలే అత్తా" అనింది గోమతి, గిటారు తీగ బిగిస్తూ. నేను బలవంతంగా తెలుగు చదవడం నేర్పిన ఒకే ఒక్క మనిషి ఆమె. ఇదీ ప్రతిఫలం.

రెండో రోజు చివరి పాట. మిల్లులో వాళ్ళమ్మ చేసిన షిఫ్టుల మీద గోమతి రాసుకున్న పాట అది. మూడో చరణంలో "అమ్మా" అని పిలిచే చోట ఆమె గొంతు చీలింది. ఆ పిల్ల ఆపబోతే పూంగొడి చెయ్యి ఊపింది, పాడు, పాడు అని. ఆఖరి చరణం మొదలయ్యేలోగా కరెంటు పోయింది. వచ్చేసరికి గోమతి గొంతులో ఏమీ మిగల్లేదు.

మొత్తం మళ్ళీ రేపు పాడతాను అనింది గోమతి. పూంగొడి ఒప్పుకోలేదు. ఆ చీలిక మళ్ళీ రాదు, రప్పిస్తే నాటకమవుతుంది అనింది. రేపు ఆఖరి చరణం మాత్రం పాడి దీనికి అతికిద్దాం, గది ఇదే, మైకులు ఇక్కడే, అతుకు కనబడదు అనింది. ఎవరూ ఏమీ కదిలించకండి అని కూడా అనింది. మూడో రోజు సాయంత్రం ఆమెకు రైలు. మర్నాటినుంచి గోమతికి లీవు లేదు. అతుకు కుదరకపోతే ఆ పాట ఆల్బమ్‌లో ఉండదు.

ఆ సాయంత్రమే వదిన ఫోను చేసింది. వదినంటే గోమతి వాళ్ళమ్మ. పక్క ఊరు మంసాపురంలో ఉంటుంది. కూతురి పాట ఒక్కసారీ వినని మనిషి, రేపు పదిగంటల బస్సుకు వస్తానంది.

ఇక్కడ తెర వెనక సంగతి చెప్పక తప్పదు. అక్కడున్నవి నా పుస్తకం ప్రతులు, కట్టలు కట్టలుగా. ఆడవాళ్ళు నోరు విప్పాలని రాసిన వ్యాసాల సంపుటి. పేరు 'నోరు మూసుకోం'. ఈ ఊళ్ళో తెలుగు మాట్లాడే వీధులు కావలసినన్ని, తెలుగు అక్షరాలు చదివేవాళ్ళే కరువు. ఆ సంగతి అచ్చు వేయించిన తర్వాత గుర్తొచ్చింది. పోయిన తూరి వచ్చినప్పుడు వదిన తెర ఎత్తి చూసి, "ఇంకా ఇక్కడే ఉండాయా, పాపం" అనింది. తిట్టినా పడేదాన్ని. ఆ 'పాపం' ఉంది చూడండి, అది లోపల ముల్లులాగా ఉండిపోయింది.

ఆ పుస్తకంలో 'చీపురు పట్టిన చెయ్యి' అని ఒక వ్యాసముంది. చుట్టం వస్తుందనగానే ఇల్లు సర్దడానికి లేచే చెయ్యి మనది కాదు, మనకు అతికించినది అని రాసినాను. మూడో రోజు తెల్లారి ఐదింటికి ఆ అతికించిన చెయ్యే నన్ను లేపింది. మైకులు ముట్టుకోలేదు, సత్యంగా. నేల తుడిచినాను. ఎవరూ లేవకముందే తెర తీసి పుస్తకాలన్నీ గోనెసంచుల్లో కుక్కి ఆటో ఎక్కించి, తళవాయిపురంలో నైటీలు కుట్టించే నా స్నేహితురాలు అముద షెడ్డుకు పంపేసినాను. నాలుగు రోజులు ఉంచు, తర్వాత తెప్పించుకుంటా అని ఆమెకు ఫోను చేసినాను. తెర మళ్ళీ కట్టేసినాను. నీట్‌గా!

ఎనిమిదిన్నరకు సెల్వి డ్రమ్ము మీద ఒక్క దెబ్బ వేసింది. పూంగొడి హెడ్‌ఫోన్స్ తీసేసింది. చప్పట్లు కొట్టింది. మళ్ళీ కొట్టింది.

"ఇది నిన్నటి గది కాదు."

ఏమైనా కదిలించినారా అక్కా అని అడిగింది. నేల తుడిచినానంతే అన్నాను. అబద్ధం కాదు. నిజమూ కాదు. వదిన వచ్చి పోనీ, తర్వాత చెప్దాం అనుకున్నాను.

వాళ్ళు మైకులు కొలిచినారు. దూరాలన్నీ సరిగ్గానే ఉన్నాయి. తువ్వాలు మార్చినారు, కిటికీలు మూసినారు, డ్రమ్ములోకి దిండు దూర్చినారు. నిన్నటి పాట పెట్టి పక్కనే ఇవాళ్టి దెబ్బ వినిపించింది పూంగొడి. నిన్నటిది గుండె మీద అరచేత్తో తట్టినట్టుంది. ఇవాళ్టిది బావిలో బిందె పడినట్టుంది. నాకే తెలిసిపోతుంటే వాళ్ళకు తెలియదా? గోమతి మొహం చిన్నదైపోయింది. లోపం తన డ్రమ్ముదేనని సెల్వి దాని పైతోలు విప్పి మళ్ళీ బిగించింది. నేను మూడుసార్లు కాఫీ పెట్టినాను. 'నోరు మూసుకోం' రాసిన మనిషి గంటన్నర సేపు నోరు మూసుకొని కాఫీ అందించింది.

పది దాటినాక వదిన వచ్చింది. ముప్పై ఏళ్ళు మిల్లులో నిలబడిన మనిషి. ఏ మిషన్‌కు జబ్బు చేసిందో చూడకుండా, మోత విని చెప్పేది. చెప్పులు విడిచి, నన్ను పలకరించి, హాలు మధ్యలో నిలబడిపోయింది.

"ఏం రుక్కూ, ఇల్లేంది బిందె మాదిరి మోగుతుంది? మెట్ల కింద ఉండే నీ పుస్తకాలు ఏమైనాయి?"

"ఏ పుస్తకాలు?" అనింది పూంగొడి.

గోమతి పోయి తెర ఎత్తింది. ఖాళీ. ఈ రెండు రోజులూ మోతను మింగింది ఆ పుస్తకాలే.

"అత్తా, పొద్దున్నుంచి మేము ఇది జరిపి అది జరిపి చస్తా ఉండాము. నువ్వు చూస్తా ఉండావు."

"కాఫీ ఇస్తానే ఉన్నా కదే" అన్నాను.

పుస్తకం పేరేమిటని పూంగొడి అడిగింది. గోమతి తమిళంలో చెప్పింది. సెల్వి స్టూలు మీదినుంచి జారి కూర్చుండిపోయి నవ్వింది.

ఆటో పిలిచి తళవాయిపురం పోయినాను. షెడ్డులో పొడుగాటి బల్ల మీద నైటీ గుడ్డ పొరలు పొరలుగా పరిచి కత్తిరిస్తున్నారు. పొరలు జరగకుండా బల్ల పొడుగునా నా పుస్తకాలు! నాలుగు రోజులు ఊరికే ఎందుకుండాలని అముదే వాడుకోమన్నదంట. ఇదివరకు ఇటుకలు పెట్టేవాళ్ళు, ఇటుక పొడి గుడ్డకు అంటేదంట. పుస్తకాలు ఏరుకుంటుంటే కత్తెర పట్టుకున్న ఆమె అడిగింది, "మళ్ళీ పంపిస్తారా అక్కా?" నా పుస్తకాన్ని రెండోసారి కావాలని అడిగిన మొదటి మనిషి ఆమె. పేరు కూడా అడగకుండా ఆటో ఎక్కేసినాను.

ఇంటికొచ్చి, చేసిన పాపం కడుక్కోవాలని నేనే ఒంగి పేర్చినాను. వెన్నులన్నీ ఒకే వరసలో, అంచులన్నీ సమంగా. పూంగొడి చప్పట్లు కొట్టింది. తల అడ్డంగా ఊపింది. వచ్చి చూసి, "సర్దకండక్కా" అని, పుస్తకాల్ని ఒకటి ముందుకు లాగి, ఒకటి వెనక్కి తోసి, కొన్నిటిని అడ్డం పడేసింది. మళ్ళీ కొట్టింది. నవ్వింది.

అప్పుడు ఆఖరి చరణం. వదిన మెట్ల మీద కూర్చునింది. రికార్డయినాక పూంగొడి రెండు ముక్కలూ అతికించి మొత్తం పాట పెట్టింది. నేను అతుకు కోసం చెవులు రిక్కించినాను. దొరకలేదు. "అమ్మా" అని గొంతు చీలిన చోట వదిన గోమతి వైపు తల తిప్పింది. పాట అయిపోయింది. గోమతి గోళ్ళు కొరుక్కుంటా ఉంది.

"మిషన్ల మోతలో పిలిచి పిలిచి మాకు గొంతు ఇట్లనే చీలేది" అనింది వదిన. "దాన్ని తీసెయ్యద్దని చెప్పు ఆ చెన్నై పాపకు."

పూంగొడికి రైలు దొరికింది. ఆల్బమ్ కూడా వచ్చింది. పాటలు, గొంతు, డ్రమ్ములు ఎవరెవరివో రాసిన చోట చివర్న, మెట్ల కింద మోత ఆపింది ఫలానా పుస్తకం అని నా పుస్తకం పేరు వేసినారు. ఆ పుస్తకం గురించి అచ్చులో వచ్చిన సమీక్ష ఇప్పటికి అదొక్కటే.

తర్వాత పూంగొడి చెన్నైలో సొంత స్టూడియో పెట్టుకుంది. మోత మింగే గోడకోసమని నా పుస్తకం మిగిలిన ప్రతులన్నీ ఆమే కొనేసింది. ఆమెకు తెలుగు చదవడం రాదు.